అవ్వ మానిన చాయ

సెబూ దీవి, ఫిలిప్పీన్స్
10 జూన్ 2024, సోమవారం

తాతా, దండాలు.

ముందుగా జిరాక్స్ శ్రీశైలం అన్నకు ఒక మాట. అన్నా, ఈ ఉత్తరం అచ్చు తీసి మా తాత చేతిలో పెట్టు. నువ్వు చదివి లింగాల ఘనపూర్ బస్టాండులో అందరికీ వినిపించకు.

తాతా, వారానికోసారి నాయినతో వీడియోలో మాట్లాడుతున్నాను గానీ నీతో మాట్లాడలేకపోతున్నాను. నేను అరిస్తే ఇక్కడ పక్కిళ్లవాళ్లు బయటికొస్తారు, నీకు మాత్రం వినపడదు. జనగామ డిపో బస్సుల్లో విజిల్ ఊది ఊది చెవులు పోగొట్టుకున్నావు, ఇక నీకు ఉత్తరమే దిక్కు. సోమవారం మాకు సెలవు. బట్టలు ఉతుక్కుని, కూరగాయలు తెచ్చుకుని, ఇంటికి రాసుకునే రోజు.

ఇక్కడ రోజూ ఏం చేస్తున్నావని అడిగావు. ఆరున్నరకు లేస్తాం. ప్రార్థన, గ్రంథం చదవడం, ఈ ఊరి భాష వల్లె వేయడం. తర్వాత గొడుగులు పట్టుకుని వీధిన పడతాం. మేము అంటే నేను, నా జోడీ సిస్టర్ రెయెస్. ఒకరిని విడిచి ఒకరం ఉండకూడదని నియమం. స్నానాల గదిలోకి మాత్రం ఒక్కదాన్నే పోతాను. పది తలుపులు తడితే ఒక తలుపు తెరుచుకుంటుంది. తెరిచినవాళ్లు ప్రేమగా కాఫీ తెస్తారు. మా చర్చిలో చాయ, కాఫీ, కల్లు ఏవీ తాగకూడదు కదా, వద్దనడానికి ముఖం చెల్లదు. రొమ్ము మీద నల్లబిళ్ల, దాని మీద ‘సిస్టర్ ఎడ్ల’ అని ఉంటుంది. సంధ్య అని లేదు. ఈ దీవిలో తిరుగుతున్నది నీ ఇంటిపేరే.

తాతా, అవ్వకు ఇంకా కోపం పోలేదా? హైదరాబాద్‌లో నర్సింగ్ చదివేటప్పుడు నేను ఈ మోర్మన్ చర్చిలో కలిసిననాడు మొదలైన కోపం అది. ఇంటింటికీ తిరిగి దేవుడి మాట చెప్పే పద్దెనిమిది నెలల సేవకు పోతానంటే నువ్వు సరేనన్నావు, ఆమె అనలేదు. వీడియోలోకి వచ్చినా ముఖం చూపించి వెళ్లిపోతున్నది. బయల్దేరిన రోజు పొద్దున అవ్వ చాయ పోసి ఇచ్చింది. ఈ ఒక్కసారికి తాగమన్నది. నేను గ్లాసు గూట్లో పెట్టి కారెక్కాను. ఒక్క గుటక తాగితే ఏమయ్యేదో తెలియదు. తాగలేదు. ఆ గ్లాసు నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

నీ మనుమరాలు
సంధ్య

*

లింగాల ఘనపూర్
22 జూన్ 2024

ఎడ్ల సిస్టర్ గారిని తాత భద్రయ్య చల్లగా ఉండమని దీవించి రాస్తున్న సంగతులు.

శ్రీశైలం నీ ఉత్తరం చదవలేదని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ నిన్న పాన్‌డబ్బా దగ్గర కిష్టయ్య నన్ను “ఓ సిస్టర్ ఎడ్ల తాతా!” అని పిలిచాడు. నా చెవికే వినపడిందంటే ఎంత గట్టిగా పిలిచాడో చూసుకో.

వాన పడ్డది. మీ నాయిన ఐలేశ్ పత్తిగింజలు పెట్టించాడు. మళ్లీ వాన పడకపోతే మళ్లీ గింజలు కొనాలి, ఆ పరేషాన్‌లో ఉన్నాడు. నేను పొద్దునే బస్టాండుకు పోయి కొత్త కండక్టర్లకు తప్పులు చెప్పి వస్తున్నాను. వాళ్లు వినరు. నాకు వాళ్లు వినపడరు. సరిపోయింది.

నీకొక వింత చెప్పాలి. మీ అవ్వ చాయ మానేసింది. రోజుకు నాలుగుసార్లు తాగే మనిషి, చాయ లేకపోతే పొయ్యి మీదికి గిన్నె కూడా ఎక్కించని మనిషి. నువ్వు కారెక్కిన రోజే మానిందట, నేను గమనించింది ఈ మధ్యనే. ఎందుకని అడిగితే, “నా మనుమరాలు తాగుతలేదు గద, నాకెందుకు?” అన్నది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఓదెమ్మ చెప్పను అనుకుంటే పోలీసులు వచ్చినా చెప్పదు.

నువ్వు కాఫీ వద్దన్నప్పుడు వాళ్ల మనసు నొవ్వకుండా మంచినీళ్లు అడిగి తాగు. ఇచ్చింది తాగితేనే ఇంటివాళ్లకు తృప్తి.

మీ తాత
ఎడ్ల భద్రయ్య, కండక్టర్ (రిటైర్డ్)

*

సెబూ
8 జూలై 2024, సోమవారం

తాతా!

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. అవ్వ చాయ మానిందా? మా అవ్వేనా? సిస్టర్ రెయెస్ ఏమైందో అని భయపడి పరిగెత్తుకొచ్చింది. విషయం చెబితే సంతోషంతో ఏడ్చింది. నిన్న ఆదివారం సభలో అందరి ముందు నిలబడి చెప్పాను. ‘మా అవ్వ నన్ను పంపడానికి ఒప్పుకోలేదు. ఇప్పుడు నా కోసం, నా నియమం కోసం చాయ మానింది’ అన్నాను. ముసలివాళ్లు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. మీ అవ్వ మనసు తెరుచుకుంటున్నదని చెప్పారు. నాకూ అట్లాగే అనిపించింది తాతా. ఆమె కోసం ఎన్ని ప్రార్థనలు చేశానో నీకు తెలియదు.

ఒకసారి నేను బాప్తిస్మం గురించి చెబితే అవ్వ ఏమన్నదో గుర్తుందా? “నేను బాయిల ఈత నేర్చినదాన్ని, నన్ను ముంచేటోడు ఇంకా పుట్టలేదే” అన్నది. ఆ అవ్వే ఇప్పుడు చాయ మానింది.

ఇక్కడ కొబ్బరిచెట్టు నుంచి కల్లు తీస్తారు. ఎర్రగా ఉంటుంది. చెట్టెక్కే ఆయన నడుముకు కత్తి కట్టుకుని పోతుంటే మన ఊరు యాదికొచ్చి వెంటపడి పలకరించాను. ఆయనకు చర్చి పాఠం చెబుదామనుకుంటే, ఆయనే నాకు చెట్టు పాఠం చెప్పాడు.

అవ్వకు కాస్త జ్వరమని నాయిన అన్నాడు. తగ్గిందా? ఫోన్‌లో ఒక్క నిమిషం కూడా కూర్చోవడం లేదు. చాయ మానితే మొదట్లో తలనొప్పి వస్తుంది, నాకూ వచ్చింది. పంతం వదలొద్దని చెప్పు.

సంధ్య

*

లింగాల ఘనపూర్
29 జూలై 2024

సంధ్యకు,

ఉత్తరం ముట్టింది. అవ్వకు చదివి వినిపించాను. నవ్వింది.

జ్వరం వస్తూ పోతూ ఉన్నది. మహబూబాబాద్‌లో మీ మేనత్త ఇంట్లో నాలుగు రోజులుంచి అక్కడి దవాఖానలో చూపించాం. గోలీలిచ్చారు. పెద్దదేమీ కాదు. నువ్వు నీ పని చూసుకో. ఒప్పుకున్న పని మధ్యలో దిగిపోవద్దు.

పత్తి మొలిచింది.

తాత

*

సెబూ
2 సెప్టెంబర్ 2024, సోమవారం

తాతా,

ఎట్లా ఉన్నావని అడగడానికి చెయ్యి రావడం లేదు.

గురువారం ఇక్కడి మా చర్చి పెద్దాయన, ఆయన భార్య ఇద్దరూ మా గదికి వచ్చారు. వాళ్లు ఇద్దరూ కలిసి వచ్చారంటేనే అవ్వ ఇక లేదని నాకు అర్థమైంది. ఇంటికి పోవాలంటే పంపిస్తాం, నీ ఇష్టం అన్నారు. నాయినకు ఫోన్ చేస్తే, “ఇప్పుడొచ్చి ఏం జేస్తవు బిడ్డా, పొద్దుగూకకముందే తీస్కపోతున్నరు” అన్నాడు. వెనక డప్పుల చప్పుడు. నేను ఉండిపోయాను.

ఇక్కడ ఒంటరిగా ఏడవడానికి స్నానాల గది ఒక్కటే ఉంది. కొళాయి తిప్పి ఏడ్చాను. ఆ సాయంత్రమే ఒకామెకు పాఠం చెప్పాలి. సిస్టర్ రెయెస్ వద్దన్నా పోయాను. ఆ రోజు పాఠం ఏమిటో తెలుసా? కుటుంబాలు చావుతో విడిపోవని. ఆమె నన్ను, “మీ ఇంట్లో అందరూ బాగున్నారా?” అని అడిగింది. బాగున్నారని చెప్పాను తాతా. అబద్ధం చెప్పాను.

వీడియోలో అవ్వ ప్రతిసారీ కొత్త చీర కట్టుకుని కనిపించింది. కోపంతో ముఖం తిప్పుకుంటున్నదనుకున్నాను. కూర్చునే ఓపిక లేక అని ఇప్పుడు నాయిన చెబుతున్నాడు. కాలేజీలో నేను చదివింది ఏమిటి? రోగి ముఖం చూసి చెప్పాల్సిన చదువు కదా! నువ్వు ‘పెద్దదేమీ కాదు’ అని రాశావు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే వచ్చేదాన్ని. రావాలో వద్దో నువ్వే తేల్చేశావు.

కోపంతో రాస్తున్నాను. కోపం నీ మీద కాదు. నీ మీద కూడా.

సంధ్య

*

లింగాల ఘనపూర్
14 సెప్టెంబర్ 2024

సంధ్యకు తాత రాస్తున్నది.

దాచాను, నిజమే. ఆమెనే చెప్పొద్దన్నది. “పోరి సదువుకున్నది, ముఖం జూస్తే గుర్తువడ్తది, జర మంచి చీర దియ్యి” అన్నది. నేనే తీసి ఇచ్చాను. ఆ చీరలు మడతపెడుతుంటే నా మీద నాకే అసహ్యం వేస్తున్నది.

పదకొండో రోజు బాయి దగ్గర పిట్టకు పెట్టాం. విస్తట్లో బువ్వ, కోడికూర, గారెలు, పక్కన కల్లు. ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టామనే అనుకున్నాం. కాకులు వచ్చాయి, చింతకొమ్మ మీద వాలాయి, ఒక్కటీ కిందికి దిగలేదు. పోయినామెకు ఏదో కోరిక మిగిలిందన్నారు. ఒక్కొక్కరం మొక్కుకున్నాం. మీ నాయిన, “సంధ్యను మంచిగ జూసుకుంటమమ్మా, వచ్చి ముట్టే” అని ఏడ్చాడు. మీ మేనత్త ఏడ్చింది. నేను కూడా మొక్కాను. ఎండెక్కిపోయింది. ఇక చేసేది లేక ఆవుకు పెట్టి ఇంటికొచ్చాం.

మొగుళ్లపల్లి నుంచి వచ్చిన మీ రుక్కి చిన్నవ్వ, ఓదెమ్మ చెల్లె, వచ్చేటప్పుడు తోవలో ఏదో చెప్పింది. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా, సరిగా వినపడలేదు.

వేళకు తిను.

తాత

*

సెబూ
18 నవంబర్ 2024, సోమవారం

తాతా,

శ్రీశైలం అన్నా, చేతులు జోడిస్తాను, ఈ కాగితం చదవకుండా మడిచి ఇవ్వు.

ఒక పని చేశాను. చేసిన నాడు పుణ్యం అనుకున్నాను. ఆ రాత్రి నుంచే మింగుడుపడటం లేదు.

మా చర్చిలో చనిపోయినవాళ్ల పేరున కూడా బాప్తిస్మం ఇస్తారు. వాళ్లకు శరీరం లేదు కాబట్టి వాళ్ల బదులు బతికున్నవాళ్లు నీళ్లలో దిగుతారు. అవ్వ పోయి నెల దాటాక నేను అవ్వ పేరు ఇచ్చాను. పోయిన వారం సెబూ నగరంలోని మా చర్చి గుడికి పోయినప్పుడు ఆమె బదులు నేనే దిగాను. ఆ నీళ్లతొట్టి పన్నెండు ఎడ్ల బొమ్మల వీపుల మీద ఉంటుంది. వాటిని చూడగానే మన ఇంటిపేరు గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. ఎడ్ల ఓదెమ్మ అని చదివారు. వాళ్లకు నోరు తిరగలేదు, అయినా మళ్లీ మళ్లీ అడిగి సరిగా పలికారు. నీళ్లలో మునిగి లేచాక అవ్వ చీరకొంగుతో తల తుడిచినట్టే అనిపించింది. ఆ మాట అబద్ధం కాదు.

ఎందుకు చేశానంటే, పిట్ట ముట్టలేదని నువ్వు రాశావు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అవ్వకు ఏం మిగిలిందా అని ఆలోచించాను. నా కోసం చాయ మానింది, నా దారిలో సగం దూరం వచ్చింది, అంతలోనే పోయింది. మిగిలిపోయిన కోరిక ఇదే అయి ఉంటుందనుకున్నాను.

ఒకటి చెప్పాలి. పేరు ఇచ్చే ముందు, చనిపోయినామె భర్త బతికి ఉంటే ఆయనను అడగాలని మా నియమం. అనుమతి ఉందా అని కంప్యూటర్ అడిగింది. ఉందని నొక్కాను.

బలవంతం ఏమీ లేదు తాతా. ఆ లోకంలో అవ్వకు ఇష్టమైతే ఒప్పుకుంటుంది, ఇష్టం లేకపోతే వద్దంటుంది. మేం చేసేది తలుపు తీసి పెట్టడమే.

నన్ను తిట్టు. తిట్టి రాయి.

సంధ్య

*

లింగాల ఘనపూర్
30 నవంబర్ 2024

ఉత్తరం ముట్టింది.

ఎడ్లను చూసి ధైర్యం తెచ్చుకున్నావు. ఎడ్ల భద్రయ్యను మాత్రం అడగలేదు.

*

సెబూ
23 డిసెంబర్ 2024, సోమవారం

తాతా,

పోయిన మూడు ఉత్తరాలకు జవాబు లేదు. నాయినను అడిగితే, “తాత మంచిగనే ఉన్నడు, నీ కాగితాలు దిండు కింద పెట్టుకుంటున్నడు, రాయుమంటే లేచి బయటికి పోతున్నడు” అన్నాడు.

మా పెద్దాయనకు నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. మీ తాతను క్షమాపణ అడుగు అన్నాడు. అందుకే అడుగుతున్నాను. నా వల్ల తప్పయింది. నీ భార్యను నా దాన్ని చేసుకున్నాను.

ఇక్కడ పండుగ. ఇంటింటికీ దీపాలు, పాటలు. తలుపు తట్టిన ప్రతి ఇంట్లో ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. కూర్చో తల్లీ అంటుంది. నేను దేవుడి గురించి చెప్పడం మొదలుపెడతాను, మధ్యలో పాఠం మరిచిపోతాను, సిస్టర్ రెయెస్ అందుకుంటుంది. మన ఇంటికి వచ్చి ఎవరైనా అవ్వకు ఇట్లాగే చెబితే ఆమె ఏం చేసేదా అనుకుంటాను. ముందు చాయ పోసేది.

రాయకపోయినా సరే. చదువు చాలు.

సంధ్య

*

లింగాల ఘనపూర్
12 జూన్ 2025

బిడ్డా సంధ్యా,

ఆరు నెలలు నీకు రాయలేదు. కోపం మొదటి నెలలోనే అయిపోయింది. మిగతా ఐదు నెలలు సిగ్గుతో రాయలేదు.

నాకు వినపడలేదని రాశాను చూడు, రుక్కి తోవలో చెప్పిన మాట. వినపడింది. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచి మరీ చెప్పింది. “బావా, అన్ని పెట్టిన్రు, చాయ పెట్టలే గదనే! అక్క మొక్కుకున్నది. పోరి నా చాయ ముట్టకుంట పోయింది, మల్ల సల్లంగ ఇంటికొచ్చి దాని చేతులతోని చాయ గాసి ఇచ్చినంక తాగుత, అందాక ముట్టనని కొమురెల్లి మల్లన్నకు మొక్కింది” అన్నది. మొక్కు తీరకముందు ఎవరికీ చెప్పకూడదని నాకూ చెప్పలేదు ఓదెమ్మ. ఏదో వంక చెప్పింది. నేను ఆ వంకనే నీకు రాశాను.

ఆమె నీ నియమం కోసం మానలేదమ్మా. నువ్వు రావాలని మానింది.

ఈ సంగతి నీకు రాస్తే అక్కడ కుమిలిపోతావని దాచాను. జ్వరం దాచినట్టే ఇదీ దాచాను. ఆ రోజు రాసి ఉంటే నువ్వు ఆమె పేరు ఇచ్చేదానివి కాదు. నీ తప్పులో సగం నాది. అడగకుండా తేల్చేశావని నన్ను తిట్టావు గుర్తుందా? అదే పని నువ్వు నాకు చేశావు. మనిద్దరం ఒకే ఇంటివాళ్లం, ఇంకెట్లా ఉంటాం!

నువ్వు అడిగి ఉంటే ఏమనేవాణ్ణో చెప్పనా? వద్దనేవాణ్ణి. అది నీకు తెలుసు. తెలిసే అడగలేదు. ఆ ఒక్కటి మాత్రం ఇంకా నొప్పిగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను.

ఇష్టం లేకపోతే వద్దనే హక్కు ఆమెకు ఉందని రాశావు. ఈ ఆరు నెలలు ఆ మాట పట్టుకునే పడుకున్నాను. యాభై ఏళ్ల కాపురంలో ఓదెమ్మ ఎవరో చెప్పారని ఏదీ చేయలేదు. నేను కండక్టర్‌గా ఉన్న బస్సులో కూడా, నేను కూర్చోమన్న సీట్లో కూర్చోలేదు. కాబట్టి ఆమె సంగతి ఆమె చూసుకుంటుంది. మీ తలుపు దగ్గర నిలబడి ఏమన్నదో ఆమెకూ మీ దేవుడికీ తెలియాలి. నువ్వు తీసిన తలుపును మూయమని నేను అడగను.

ఆగస్టులో ఆమె ఏడాది వస్తుంది. అప్పటికి నువ్వు ఇంట్లో ఉంటావు. బాయి దగ్గర మళ్లీ విస్తరి పెడతాం. ఈసారి చాయ పెట్టాలి. నేను కాస్తే కాదు, మీ మేనత్త కాస్తే కాదు, నీ చేతులతోనే కావాలి. నువ్వు తాగకు, మీ నియమం నాకు తెలుసు. కాచి, ఆ గ్లాసులో పోసి, విస్తరి పక్కన పెట్టి, అవ్వను పిలవాలి. చనిపోయినవాళ్లకు ఇట్లా పెట్టడం మీ చర్చిలో తప్పేమో నాకు తెలియదు. తప్పయితే పెట్టొద్దు. పెట్టలేదని నేను నిన్ను ఒక్క మాట అనను, ఎవరినీ అననివ్వను.

నీళ్లలో దిగేముందు నువ్వు నన్ను అడగలేదు. నేను మాత్రం అడుగుతున్నాను. పెడతావా?

తాత భద్రయ్య

*

సెబూ
23 జూన్ 2025, సోమవారం

తాతా,

నీ ఉత్తరం స్నానాల గదిలో చదివాను. చాలాసేపు బయటికి రాలేదు. సిస్టర్ రెయెస్ తలుపు బయట నేల మీద కూర్చుని ఉంది.

నా కోసం మానింది అని సభలో నిలబడి గొప్పగా చెప్పాను. నిన్న మళ్లీ అదే సభలో లేచి, ఎందుకు మానిందో చెప్పాను. ఈసారి నా చేతులు పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఒక ముసలామె మాత్రం ఇంటికి ఎప్పుడు పోతున్నావని అడిగింది.

తప్పో ఒప్పో ఎవరినీ అడగలేదు. అడగను. పెడతాను తాతా.

ఒక్కటి రాసి పంపు. అవ్వ చాయలో చక్కెర ఎంత వేసుకునేది? ఇన్నేళ్లూ ఆమె పోసి ఇస్తుంటే తాగాను, వద్దనిపించినప్పుడు గూట్లో పెట్టి వచ్చాను. ఒక్కనాడు కూడా నేను కాచి ఇవ్వలేదు. నాకు తెలియదు.

సంధ్య